మెడ మీద నల్లగీత ఉంటే మనది

డల్లాసు పక్కన మా ఫ్రిస్కోలో ఇళ్ళ మధ్య గోడలుండవు, సీడర్ చెక్కల కంచెలుంటాయి. ఆరడుగుల ఎత్తు. అవతలి మనిషి మొహం కనపడదు గానీ మాట, గాజుల చప్పుడు, పోపు వాసన అన్నీ ఇవతలికి వచ్చేస్తాయి. పక్కింటి కుర్రాడి వాళ్ళమ్మగారు గుడివాడ నుంచి వచ్చి ఆర్నెల్లుంటున్నారు. పిన్నిగారూ అంటాను నేను. పొద్దున్నే కరివేపాకు కుండీకి నీళ్ళు పోసే వేళకి నేనూ కాఫీతో పెరట్లోకి వస్తాను. డల్లాసు చుట్టుపక్కల తెలుగువాళ్ళ వార్తలన్నీ ఆ కంచె మీదుగానే మా ఇంటికి చేరతాయి. మా ఇంటి వార్తలు కూడా అటే పోతాయని ఈమధ్యే తెలిసింది.

"ఏం నాయనా, నిన్న చీకటితోనే కారెక్కావట. నువ్వూ, ఆ కరీంనగరబ్బాయీ కలిసి పావురాల్ని కాల్చుకొస్తున్నారటగా?"

"ఎవరన్నారు పిన్నిగారూ?"

"ఎవరంటేనేం. శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసిచ్చాడు. మీరు ఏకంగా పావురాన్నే కోసుకు తింటున్నారన్నమాట. అమెరికా వచ్చి బాగానే నేర్చారు."

శిబి చక్రవర్తిని తెచ్చి మధ్యన నిలబెట్టాక వెంటనే ఏం చెబుతాం? ఆ తర్వాత రోజుకింత చొప్పున చెప్పుకొచ్చాను. ఆవిడా ఊరుకోలేదు, అడుగుతూనే వచ్చారు.

ముందు ఆ కరీంనగరబ్బాయి సంగతి. అతను నా ఆఫీసు స్నేహితుడు. చిన్నప్పుడు పంగలకర్రతో మామిడి తోటలన్నీ తిరిగిన రకం. ఇక్కడికి హెచ్‌వన్‌బీ మీద వచ్చిన కొత్తల్లో టీమంతా సరదాగా షూటింగ్ రేంజికి వెళదామన్నారట. తీరా వెళ్ళబోయే ముందు ఎవరో చెప్పారు, వీసా మీద ఉన్నవాడు తుపాకీ చేత్తో పట్టుకోవడమే ఫెడరల్ నేరమని. నిజమే. 1998లో ఆ నిబంధన పెట్టారు. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు జేబులో ఉంటే పట్టుకోవచ్చు. మనవాళ్ళలో వేట అంటే ఏమిటో తెలియకపోయినా వేట లైసెన్సు ఉన్నవాళ్ళు చాలామంది కనిపించేది అందుకే. మావాడూ అలాగే 25 డాలర్లు కట్టి కొన్నాడు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో వేట పాఠం ఒకటి చదివి పాసవ్వాలి. అదీ చదివాడు. చదువుతుంటే రేంజి మీద మోజు పోయి వేట మీదికి మళ్ళింది.

"ఐతే ఇప్పుడు పెద్ద తుపాకీయేనా?" అని పిన్నిగారి అనుమానం.

కాదు. మాది గాలి తుపాకీ. మన తిరునాళ్ళలో, నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే తుపాకీకి పెద్దన్నయ్య అనుకోండి. మందుగుండు ఉండదు, గొట్టం కింద సిలిండర్లో బిగించి పెట్టిన గాలే గుండును తోస్తుంది. పేలుడు లేదు కాబట్టి అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో అది తుపాకీయే కాదు. టెక్సాస్‌లో క్రీడా సామగ్రి దుకాణంలో క్రికెట్ బ్యాటు కొన్నట్టు కొనుక్కోవచ్చు. న్యూజెర్సీలో ఆ పప్పులుడకవు, అక్కడి చట్టం గాలి తుపాకీని కూడా తుపాకీల జాబితాలోనే కట్టింది. ఎడిసన్‌లో ఉన్న మా తోడల్లుడు ఒకసారి ఇక్కడ కొని పట్టుకుపోతానని సరదా పడితే, కూర్చోబెట్టి ఈ ముక్క చెప్పి ఆపాం. తమాషా ఏమిటంటే మా చేతిలోని తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు, చెట్టు మీది గువ్వకు మాత్రం కావాలి. ఈ రాష్ట్రంలో ఏ పిట్టను వేటాడాలన్నా వేట లైసెన్సు ఉండి తీరాలి.

అసలు పేచీ అంతా ఆ గువ్వతోనే.

పిన్నిగారికి పావురమంటే మక్కా మసీదు ముందు జొన్నలు చల్లితే వాలేవి, లేకపోతే గుడి గోపురం మీద గుడగుడలాడేవి. ఇక్కడ మా వీధి చివర కరెంటు తీగ మీద ఏ సాయంత్రం చూసినా మూడు నాలుగు రకాలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. దూరం నుంచి అన్నీ బూడిదరంగే, అన్నీ అమాయకంగానే కనపడతాయి. కానీ చట్టానికి అవన్నీ ఒకటి కాదు. సన్నగా, తోక మొనదేలి, రెక్క మీద నల్లచుక్కలుండి, లేచేటప్పుడు రెక్కలు ఈలవేసినట్టు చప్పుడు చేసేది మోర్నింగ్ డవ్. రెక్క అంచున తెల్లపట్టీ ఉండేది వైట్‌వింగ్. ఈ రెండూ ఈ దేశపు బిడ్డలు, ఫెడరల్ ప్రభుత్వం రక్షణలో ఉన్నవి. వాటికి సీజను ఉంటుంది, మా ఉత్తర టెక్సాస్‌లో సెప్టెంబరు 1న తెరుస్తారు. మనిషికి రోజుకు 15 లెక్క. పైగా కాల్చాలంటే షాట్‌గన్నే వాడాలి, అందులో మూడు తూటాలకు మించి పట్టకూడదు. విల్లు వాడొచ్చు, డేగను వదలొచ్చు. రైఫిలు మాత్రం పనికిరాదు, గాలిదైనా మందుదైనా. సీజను నడిమధ్య, లైసెన్సు జేబులో పెట్టుకుని, ఒక్కటంటే ఒక్క మోర్నింగ్ డవ్‌ను గాలి రైఫిలుతో కొట్టినా నేరమే. 15,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

"గువ్వకా?" అన్నారు పిన్నిగారు. కంచె అవతల నీళ్ళ చప్పుడు ఆగింది.

గువ్వకే. ఇక మూడో రకం చూడండి. కాస్త బొద్దుగా, లేత బూడిదరంగులో, తోక చివర కత్తిరించినట్టు చదునుగా, మెడ వెనక కాటుకతో దిద్దినట్టు నల్లని అరగీత ఉంటుంది. దానికి సీజను లేదు, లెక్క లేదు. ఏడాది పొడవునా ఎన్నయినా కొట్టుకోవచ్చు, గాలి రైఫిలుతోనే కొట్టుకోవచ్చు. గోపురాల మీద ఉండే మామూలు పావురానికీ ఇదే వరస. ఎందుకంటే ఇవి రెండూ పరాయి దేశాల నుంచి వచ్చినవి. వలస పక్షుల రక్షణ చట్టం 1918 నాటిది. అది స్వదేశీ జాతులకే వర్తిస్తుందని 2004లో విడమరచి చెప్పారు. మామూలు పావురాన్ని 1600ల్లో యూరప్ నుంచి వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నారు.

ఆ నల్లగీతది ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? మన దగ్గర్నుంచే! గుడివాడలో తాటిచెట్టు మట్టల మధ్య నాలుగు పుల్లలు పెట్టి గూడనిపించి, మధ్యాహ్నం వేళ కుకూ-కూ అని మూడు ముక్కల్లో కూసే బూడిద గువ్వ లేదూ, అదే. దాని పాత కాపురం మన దేశం వైపే. అక్కడి నుంచి పడమరగా జరుగుతూ జరుగుతూ 20వ శతాబ్దంలో యూరప్ అంతా ఆక్రమించింది. 1955లో ఇంగ్లండులో గూడు పెట్టింది. సముద్రం మాత్రం సొంతంగా దాటలేదు. బహామాస్‌లో పెంపుడు పిట్టల దుకాణంలో 1970ల నడుమ దొంగలు పడ్డారు, ఆ సందట్లో కొన్ని గువ్వలు ఎగిరిపోయాయి, మిగిలినవాటిని యజమానే వదిలేశాడు. 1980లకల్లా ఫ్లోరిడా చేరాయి. 1990ల్లో టెక్సాస్ వచ్చాయి. ఇప్పుడు దేశంలో చాలా భాగంలో ఉన్నాయి. దొంగతనం మాట అలా ఉంచితే, మనవాళ్ళు డల్లాసుకు వచ్చిన కాలమూ అవి వచ్చిన కాలమూ ఇంచుమించు ఒకటే.

అందుకే మా కరీంనగర్ వాడు వేటలో చెప్పే మాట ఒక్కటే. నేను రైఫిలు ఎత్తితే చాలు, పక్కనుంచి గొణుగుతాడు. "ఆగరాదు. మెడకాడ జూడు ముందుగాల. నల్లగీత ఉంటె మనది, లేకుంటె సర్కారుది."

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ గువ్వల్లోనే పిల్లవాటికి గీత ఇంకా వచ్చి ఉండదు. చదును తోక కనిపిస్తుంది, బొద్దుతనం కనిపిస్తుంది, తొంభై పాళ్ళు మనదే అనిపిస్తుంది. ఆ పది పాళ్ళ కోసం మావాడు దింపెయ్యమంటాడు. దింపేస్తాం. మా వేటలో సగానికి పైగా ఇలా దింపడమే. ఈ వేటకు బైనాక్యులర్స్ ముందు, రైఫిలు తర్వాత. నేను మొదట వెళ్ళినప్పుడు నా చేతికి రైఫిలే ఇవ్వలేదు వాడు. బైనాక్యులర్సు మెడలో వేసి, చెట్టు మీద వాలినదల్లా ఏదో చెప్పమన్నాడు, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

అడవి పావురం అనదగ్గది ఈ దేశంలో ఇంకొకటుంది, బ్యాండ్‌టెయిల్ అంటారు. టెక్సాస్ గువ్వ కంటే పెద్దది, ఓక్ అడవుల్లో పళ్ళు, గింజలు తింటూ పసిఫిక్ తీరం పొడుగునా కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ దాకా తిరుగుతుంది. గంభీరమైన పక్షి. దాని సీజను అక్కడ ఏడాదికి 9 రోజులు, మనిషికి రోజుకు 2 మాత్రమే. దానికీ గాలి రైఫిలు నిషిద్ధమే. సియాటిల్‌లో ఉన్న స్నేహితుడొకడు మా ఫొటోలు చూసి వాళ్ళ ఇంటి వెనక ఫర్ చెట్ల మీద వాలేవాటి మీద కన్నేశాడు. వెంటనే ఫోన్ చేసి చెప్పాం, నాయనా అవి చూడ్డానికే అని.

"ఇంత చాదస్తమెందుకయ్యా? లక్షల గువ్వలుంటే ఒకటి పోతే ఏమవుతుంది?" అని మర్నాడు పిన్నిగారే ప్లేటు తిప్పారు. శిబి చక్రవర్తి అప్పటికి ఆవిడ దగ్గర సెలవు తీసుకున్నట్టున్నాడు.

ఆ మాట అన్నవాళ్ళు ఇక్కడ ముందే ఉన్నారు. ప్యాసెంజర్ పిజియన్ అని ఒక అడవి పావురం ఉండేది ఈ దేశంలో. లక్షలు కాదు, వందల కోట్లు. 1813లో కెంటకీలో ఆడుబన్ అనే పక్షి చిత్రకారుడు లూయీవిల్ వైపు వెళుతుంటే వాటి గుంపు నెత్తి మీదుగా పోవడానికి రోజులు పట్టిందని, పగలే మసక చీకటి కమ్మిందని రాశాడు. ఓక్, బీచ్ చెట్ల కాయలు ఎక్కడ బాగా కాస్తే అక్కడ గుంపుగా దిగేవి. కొన్ని చెట్లకు వంద దాకా గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కటే గుడ్డు. ఆ ఒక్కటే వాటి కొంప తీసింది. రైలు వచ్చాక, టెలిగ్రాఫ్ తీగ వచ్చాక, ఫలానా అడవిలో దిగాయని తెలిస్తే చాలు, వేటను వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు వాలిపోయేవాళ్ళు. వలలు వేసేవాళ్ళు, గంధకం పొగ పెట్టేవాళ్ళు, పిల్లలతో సహా గూళ్ళు రాల్చేవాళ్ళు. పీపాల్లో ఉప్పు, మంచు వేసి షికాగోకి, న్యూయార్క్‌కి రైళ్ళకెక్కించేవాళ్ళు. 1878లో మిషిగన్‌లోని పెటోస్కీ దగ్గర రోజుకు 50 వేల చొప్పున దాదాపు ఐదు నెలలు సాగిందంటారు. ముప్ఫై ఆరేళ్ళు గడిచేసరికి సిన్సినాటి జూలో ఒక్క ఆడపక్షి మిగిలింది. మార్తా అని పేరు పెట్టారు దానికి. అది 1914 సెప్టెంబరు 1న చచ్చిపోయింది. మంచుగడ్డలో పెట్టి వాషింగ్టన్ స్మిత్సోనియన్‌కి పంపారు. ఆ జాతి అక్కడితో సరి.

సెప్టెంబరు 1. మా ఉత్తర టెక్సాస్‌లో గువ్వల సీజను తెరిచేదీ అదే తారీఖు. ఆ రోజు దాదాపు ఈ రాష్ట్రానికి పండగే. మూడు లక్షలమంది దాకా గువ్వ వేటగాళ్ళున్న రాష్ట్రం ఇది. పొద్దుతిరుగుడు చేలగట్ల మీద మడత కుర్చీలు, కూలర్లు, కుక్కలు, తాతలు, మనవళ్ళు అంతా చేరతారు. ఆ తారీఖు కావాలని పెట్టుకున్నది కాదు గానీ, సీజను, లెక్క, మూడు తూటాల నియమం, మేత చల్లి కొట్టకూడదన్న నియమం ఇవన్నీ ఎక్కణ్ణుంచి పుట్టాయో తెలుసుకున్నాక నాకు చాదస్తంగా అనిపించడం మానేసింది. మోర్నింగ్ డవ్‌లు ఏటా అంతమంది వేటాడినా ఇంకా తీగల నిండా ఉన్నాయంటే ఈ నియమాల చలవే.

సరే, ఇంతకీ మేం వెళ్ళేదెక్కడికి? టెక్సాస్‌లో నూటికి 95 పాళ్ళ నేల ప్రైవేటుదే. ఎవరి ఫెన్సూ దాటే వీల్లేదు, అడిగి తీరాలి. మావాడికి స్టీఫెన్‌విల్ వైపు ఒక డైరీ పెద్దాయనతో పరిచయం. డల్లాసుకు నైరుతి దిక్కున రెండు గంటల పైచిలుకు దారి. ఆ జిల్లా అంతా పాడి. ఊరి నడిబొడ్డున కోర్టు ముందు ఆవు బొమ్మ నిలబెట్టుకున్నారు, మన సెంటర్లో నాయకుల బొమ్మలున్నట్టు. దాణా కుప్పల మీద గువ్వలూ పావురాలూ వాలి తిన్నంత తిని, మిగిలినదాని మీద రెట్టలు వేసి పోతాయి. దాంతో పశువులకు జబ్బులొస్తాయని పెద్దాయన గోల. మందు తుపాకీ అయితే రేకుల షెడ్డుకు చిల్లులు, ఆవులకు బెదురు, పాలు తగ్గుతాయి. అందుకే గాలి తుపాకీ వాళ్ళని రానిస్తాడు.

షెడ్డులో మామూలు పావురాల పని మావాడే చూస్తాడు, నాకు దాని మీద సరదా లేదు. అది చీడ తీసే పని, వేట కాదు. నాకు ఇష్టమైనది షెడ్డు వెనక వాగు వెంట ఉండే పీకన్ చెట్లు, ఆ పైన పోస్ట్ ఓక్ తోపు. పొద్దుటి పూట దాణా తిని వచ్చిన గువ్వలు అక్కడ కొమ్మల్లో చేరి అరుగుదలకు కూర్చుంటాయి.

రైఫిలు సిద్ధం చెయ్యడమే ఒక వ్యాయామం. చేతిపంపుతో చదరపు అంగుళానికి 3,000 పౌన్ల ఒత్తిడి దాకా గాలి కొట్టాలి. మొదట్లో తేలిగ్గానే దిగుతుంది. 2,000 దాటాక ఒళ్ళంతా వేలాడి నొక్కితే గానీ కిందికి పోదు. నాకు నడుం, మావాడికి బొజ్జ, ఇద్దరం వంతులేసుకుంటాం. లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు ఆఫీసర్లు 1803లో పసిఫిక్ దారి వెతకడానికి బయల్దేరినప్పుడు ఇలాంటి గాలి తుపాకీయే పట్టుకుపోయారు. మడమలోనే గాలి సీసా, వరసగా ఇరవైకి పైగా గుళ్ళు. దారి పొడుగునా ఆదివాసులకు పేల్చి చూపించి ఆశ్చర్యపరిచేవాళ్ళు. ప్రయాణం మొదలైన రోజే, ఆగస్టు 30న, పిట్స్‌బర్గ్ దగ్గర లంకలో ఆగి చూపిస్తుంటే, చేతికిచ్చిన ఒక పెద్దమనిషి తెలీక పేల్చేశాడు. నలభై గజాల దూరంలో నుంచున్న ఆవిడ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత గీరింది. నెత్తురు చూసి పోయిందనే అనుకున్నారంతా. కాసేపటికి లేచి కూర్చుందట. లూయిస్ డైరీలో మొదటి రోజు కబురే ఇది. అందుకే మేం ఒక్క రైఫిలే తీసుకెళతాం. ఒకడు కాలిస్తే రెండోవాడు వెనక నుంచుని చూడాలి. రెండో రైఫిలు కొంటానని నేనెప్పుడన్నా అంటే మావాడికి ఆ టోపీ ఆవిడే గుర్తొస్తుంది.

గుండు 22 బోరుది, నడుం సన్నగా, వెనక గౌను కుచ్చెళ్ళలా విప్పారి ఉంటుంది. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. ముప్ఫై గజాల లోపే మా ఆట, అంతకు మించితే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గువ్వ ఎదురు రొమ్ము చూపిస్తే కొట్టకూడదు. పెద్దాయన ధర్మమా అని దాని గొంతు సంచి దాణాతో బిగిసి ఉంటుంది. ఆ గింజల్లో గుండు ఇరుక్కుని, పక్షి చావక ఎగిరిపోయి ఎక్కడో నరకం పడుతుంది. అందుకని తల, లేదా వెనక నుంచి రెండు రెక్కల మధ్య. అదీ కుదరకపోతే దాన్నలా కూర్చోనివ్వడమే. వెనక ఏముందో చూడాలి, ఆకాశం తప్ప ఏమీ లేకపోతే కాల్చకూడదు. తీగ మీద ఉన్నదాన్ని అసలే కాల్చకూడదు. కాలికి రింగు ఉందా చూడాలి, ఉంటే అది ఎవరో పందేలకు పెంచుకున్న పావురం. ఇన్నీ చూసేలోపు అది ఎగిరిపోతుంది. మావాడు రైఫిలు భుజాన వేసుకుని, మా కరీంనగర్ వైపు పిట్టలదొర ఉంటాడు చూడు, కట్టె తుపాకీ పట్టుకుని కోతలు కోసేవాడు, వాడి కన్నా మనమేం ఎక్కువ కొట్టినం, అంటాడు.

ఒకసారి ఒకటి పడింది. ఆకుల్లో రాలితే చప్పుడే ఉండదు, రెండు ఈకలు మాత్రం తీరిగ్గా దిగాయి. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. రెప్ప కింద కన్ను దానిమ్మ గింజ ఎరుపు. మెడ వెనక నల్లగీతకు పైన, కింద సన్నని తెల్లంచు కూడా ఉంటుందని అప్పుడే చూశాను. మావాడు కత్తితో గొంతు సంచి కోస్తే దోసిట్లోకి బొలబొలా గింజలు రాలాయి. సగం మొక్కజొన్న, సగం జొన్నలు. మన జొన్నలే, ఎర్రవి. ఈ దేశంలో క్యాన్సస్ తర్వాత జొన్న ఎక్కువ పండేది మా రాష్ట్రంలోనే. రొట్టె చేసుకునే జొన్నపిండి కోసం మేం పటేల్ బ్రదర్స్ దాకా పోతుంటే, ఈ గువ్వ దర్జాగా చేలోకి పోయి తింటోంది.

ఈకలు అక్కడే పీకెయ్యం. దారిలో గేమ్ వార్డెన్ ఆపితే ఇది ఏ గువ్వో తేలాలి కాబట్టి ఇల్లు చేరేదాకా అలాగే ఉంచమని వన్యప్రాణి శాఖ వాళ్ళ సలహా. సీసం గుండు ముక్క మాంసంలో ఉండిపోకుండా గాయం చుట్టూ కండ తీసి పారేస్తాం. షెడ్డు పావురాలు తినం. తోపులో కొట్టిన గువ్వలు మాత్రం తింటాం, తినగలిగినన్నే కొడతాం. ఈ గువ్వకు లెక్క లేదని చట్టం అంటే అంది గానీ, లెక్కలేనితనం నాకు నచ్చదు. ఆ పెటోస్కీ కథ తెలిశాక అసలు నచ్చదు. మావాడూ దీనికి ఎదురు చెప్పడు. రెండు కుటుంబాల కంచాలు చూసి లెక్క వేసి, ఇక చాలని రైఫిల్లో గాలి తీసేస్తాడు. దానికి మాత్రం ఇద్దరం సిద్ధమే, మళ్ళీ కొట్టాల్సింది మేమే అయినా.

ఇక్కడివాళ్ళ వంటకమైతే, రొమ్ము కండ రెండు ముక్కలు తీసి, మధ్యన హాలపీన్యో మిరపకాయ చీలిక పెట్టి, బేకన్ చుట్టి నిప్పుల మీద కాలుస్తారు. బాగుంటుంది గానీ అందులో గువ్వ ఎక్కడుందో వెతుక్కోవాలి, బేకన్ వాసనే అంతా. కండ ఎర్రగా, మేక కార్జానికి దగ్గరి రుచితో ఉంటుంది. ఎక్కువ ఉడికితే తోలే.

ఈ మాట అన్నాక కంచె అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "అది మగ్గనివ్వాలి నాయనా," అన్నారు పిన్నిగారు. "మా నాన్నగారు బతికున్న రోజుల్లో గూడెం వాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. ఉల్లిపాయ ముద్ద, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి గంట ఉంచాలి. మంట తగ్గించి మూత మీద నీళ్ళు పోసి ఇగర్చాలి. మిరియాలు ఆఖర్న దంచి వెయ్యాలి, కారం కాదు. గసాలు ఉంటే ఒక చెంచా. వేడి చేస్తుంది, మజ్జిగ తాగండి."

"మరి శిబి చక్రవర్తి?"

"ఆయన రాజు. మనకెందుకు?"

అయితే మనవైపు ఇప్పుడు ఇవి కుదరవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల వేట నేరం. గాలి తుపాకీ చిన్న బోరుదైతే లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు గానీ, దాంతో అట్టముక్కనే కాల్చాలి. ఆవిడ మనవడు ఇదంతా కంచె సందులోంచి వింటున్నాడని తర్వాత తెలిసింది. వాడికి రైఫిలు కావాలట. సలీం అలీ గారు కూడా చిన్నప్పుడు గాలి తుపాకీతో పచ్చగొంతు పిచ్చుకను కొట్టి, అదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పోయి, దాంతోనే దేశం గర్వించే పక్షి శాస్త్రవేత్త అయ్యారని చెప్పాను. వాడు మొదటి సగమే విన్నాడు. వాడికి బైనాక్యులర్సు కొనిచ్చాను. ప్రస్తుతం మా వీధి తీగ మీద వాలేవాటికి రోజూ సాయంత్రం హాజరు తీసుకుంటున్నాడు.

మీలో ఎవరికైనా ఈ సరదా పుడితే వరస ఇదీ: ముందు పాఠం చదవండి, పదిహేడేళ్ళు దాటినవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే ముగించొచ్చు. తర్వాత బైనాక్యులర్సు, తర్వాత నేల యజమాని అనుమతి, ఆఖర్న రైఫిలు. పెరట్లో మాత్రం పేల్చకండి. చాలా ఊళ్ళలో మున్సిపాలిటీ నియమాలు గాలి తుపాకీని కూడా ఊరి పొలిమేర లోపల పేల్చనివ్వవు, మీ ఊరి నియమం చూసుకోండి. మీది టెక్సాస్ కాకపోతే మీ రాష్ట్రం చట్టం వేరుగా ఉంటుంది, అదీ చదవండి. టెక్సాస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 15న అమ్మకానికి వస్తుంది. ఎప్పుడు కొన్నా సరే, ఆ లైసెన్సు ఏడాది ముగిసే ఆగస్టు 31తో చెల్లిపోతుంది. అందుకని వసంతంలో కొని డబ్బులు పోగొట్టుకోకండి, ఆగస్టులోనే కొనండి.